తేలు విషంలోని మందుకు మీ దన్ను కావాలి

హైదరాబాద్ ఔషధ పరిశ్రమ అధిపతులకు,

నేను రాయలసీమలో ఒక ప్రభుత్వాసుపత్రిలో మైక్రోబయాలజిస్టును. రోగి పుండు నుంచో రక్తం నుంచో తీసిన శాంపిల్‌ను కల్చర్ పెట్టి, అందులో పెరిగిన సూక్ష్మజీవి ఏ మందుకు లొంగుతుందో, దేనికి లొంగదో వార్డుకు రాసి పంపడం నా పని. రిపోర్టులో మందు పేరుకెదురుగా ‘ఎస్’ అని ఉంటే లొంగుతుందని, ‘ఆర్’ అని ఉంటే లొంగదని. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో వరసగా నాలుగు ‘ఆర్’లు కనబడితే పీజీ విద్యార్థుల్ని పిలిచి చూపించేవాళ్లం. ఇప్పుడు ఐసీయూ నుంచి వచ్చే క్లెబ్సియెల్లా, ఎసినెటోబ్యాక్టర్ రిపోర్టుల్లో చాలావాటికి పేజీ నిండా ‘ఆర్’లే. చివరికి కొలిస్టిన్ మిగులుతుంది. మూత్రపిండాలను దెబ్బతీస్తుందని ఒకప్పుడు డాక్టర్లు పక్కన పెట్టేసిన మందు అది. గత్యంతరం లేక మళ్లీ బయటికి తీశాం. అదీ పనిచేయదని తేలిన రోజు వార్డుకు ఫోన్ చేసి చెప్పాల్సింది నేనే. “మరి ఏం స్టార్ట్ చేయమంటారు మేడమ్?” అని అవతలి నుంచి జూనియర్ డాక్టర్ అడుగుతారు.

ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు. జవాబులో ఒక భాగమైనా మీ ఫ్యాక్టరీల్లో తయారు కాగలదన్న నమ్మకంతో ఈ ఉత్తరం రాస్తున్నాను. విషయం తేళ్లకు సంబంధించింది.

కర్నూలు జిల్లా కోడుమూరులో కొండలరాయుడి కొండ ఉంది. శ్రావణమాసం మూడో సోమవారం భక్తులు అక్కడ రాళ్లు తిరగేసి, కింద దొరికిన తేళ్లను ఉత్తచేతులతో పట్టుకుని స్వామికి సమర్పిస్తారు. ఏడాదిలో మిగిలిన రోజుల్లో మన పల్లెల్లో తేలు కనబడితే చెప్పు అందుకోవడమే. ఆ భయం ఊరికే పుట్టలేదు. చూడగానే గుండె గుభేలుమనిపించే నల్ల మండ్రగబ్బ కంటే, చిన్నగా కనిపించే ఎర్రతేలు ఎక్కువ ప్రమాదం. అది కుట్టిన పిల్లలు ఊపిరితిత్తుల్లో నీరు చేరి ప్రాణాలు విడిచేవారు. మహారాష్ట్రలో మహాడ్ అనే చిన్న ఊళ్లో ప్రాక్టీసు చేస్తున్న డాక్టర్ హిమ్మత్‌రావ్ బావస్కర్, రక్తపోటుకు వాడే ప్రాజోసిన్ అనే చవకైన మాత్రతో ఆ చావుల్ని చాలావరకు ఆపవచ్చని 1980లలో చూపించారు. పెద్ద ల్యాబు లేదు, పెద్ద గ్రాంటు లేదు. రోగి మంచం పక్కన రాత్రంతా కూర్చుని రాసుకున్న పరిశీలనలే ఆయన పెట్టుబడి. 2022లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

అదే ఎర్రతేలు విషం నుంచి 1990లో మెర్క్ శాస్త్రవేత్తలు ఐబీరియోటాక్సిన్ అనే పెప్టైడును, అంటే అమైనో ఆమ్లాల పొట్టి గొలుసును, వేరుచేశారు. కణాల్లో ఒక రకం పొటాషియం మార్గాలను మూసే ఆ పదార్థాన్ని ఇవాళ ఎన్నో దేశాల పరిశోధకులు కేటలాగు చూసి కొనుక్కుంటున్నారు. మన రాళ్ల కింద తిరిగే జీవి విషంలో ఏముందో చెప్పింది మనం కాదు. నాకు వాళ్లమీద కోపం లేదు. మనం చూడలేదే అన్న బాధ ఉంది.

తేలు విషం ఒకే పదార్థం కాదు. ఒక చుక్కలో పదుల నుంచి వందల రకాల అణువులుంటాయి. నరాలను పట్టి ఆడించి, నొప్పి పుట్టించేవి గంధకపు బంధాలతో గట్టిగా ముడుచుకున్న పెప్టైడ్లు. వాటి పక్కనే మరో కుటుంబం ఉంది. పొట్టిగా, ఏ ముడీ లేకుండా నిటారుగా ఉండే పెప్టైడ్లవి. వీటిలో కొన్ని బ్యాక్టీరియాను చంపుతాయి. తన విషగ్రంథిలోకి సూక్ష్మజీవులు చేరకుండా తేలు వీటిని దాచుకుందని కొందరి వాదన. విషం ఎర కణాల్లోకి త్వరగా దిగడానికి ఇవి దారి చేస్తాయని మరికొందరిది. రెండూ నిజమై ఉండవచ్చు. 2000లో మెక్సికో జాతీయ స్వయంప్రతిపత్తి విశ్వవిద్యాలయంలో లూరివాల్ పొస్సానీ బృందం, మెక్సికో ఎడారి తేలు విషంలో 41 అమైనో ఆమ్లాల హాడ్రురిన్‌ను గుర్తించింది. మరుసటి ఏడాది పాండినిన్లు వచ్చాయి. ఐఎస్‌సీటీ అనే మరో పెప్టైడులో ఉన్నవి 13 అమైనో ఆమ్లాలే. పెప్టైడ్ కెమిస్టులకు ఈ అంకె ఏం చెబుతుందో నేను వివరించనక్కర్లేదు. అంత పొట్టి గొలుసును మీ వాళ్లు కళ్లు మూసుకుని కట్టగలరు.

ఇవి పనిచేసే తీరు నాకు చాలా ఇష్టమైన పాఠం. ఈ పెప్టైడుకు ఒక వైపు ధనావేశం, నీటితో పొత్తు. రెండో వైపు కొవ్వుతో పొత్తు. కుంకుడు రసం ఒక చేత్తో నీటిని, ఒక చేత్తో జిడ్డును పట్టుకున్నట్టే ఉంటుంది దీని పని. బ్యాక్టీరియా పైపొరలో రుణావేశం ఎక్కువ కాబట్టి పెప్టైడు అటు ఆకర్షితమవుతుంది. పొరను తాకగానే మెలికగా చుట్టుకుని అందులోకి దూరుతుంది. అలాంటివి కొన్ని పోగైతే పొర చిల్లులు పడుతుంది, లోపలిది బయటికి కారి బ్యాక్టీరియా చస్తుంది. మన కణాల పైపొరకు దాదాపు ఆవేశం లేదు, పైగా కొలెస్టరాల్ బిగువు ఉంది. అందుకే మోతాదు సరిగ్గా ఉంటే పెప్టైడు మన కణాల జోలికి పెద్దగా రాదు.

మనం వాడుతున్న యాంటీబయోటిక్కుల్లో ఎక్కువ భాగం బ్యాక్టీరియాలోని ఏదో ఒక ఎంజైమునో, ఒక ప్రొటీన్‌నో గురిపెడతాయి. బ్యాక్టీరియా ఆ ఒక్కదాన్ని కాస్త మార్చుకుంటే చాలు, మందు వృథా. లేదంటే మందునే ముక్కలు చేసే ఎంజైము తయారు చేసుకుంటుంది. మన రాజధాని పేరు పెట్టుకుని తిరుగుతున్న ఎన్‌డీఎం-1 చేసేది అదే. ఒంటి చుట్టూ ఉన్న పొర మొత్తాన్ని మార్చుకోవడం అంత సులువు కాదు. అసాధ్యమూ కాదు. కొలిస్టిన్ కూడా పొరమీద దెబ్బకొట్టే పెప్టైడే. దాన్ని తట్టుకునే ఎంసీఆర్-1 జన్యువు ఒక బ్యాక్టీరియా నుంచి మరోదానికి దాటిపోగలదని 2015లో చైనా నుంచి వార్త వచ్చింది. అక్కడి పందుల పెంపకంలో కొలిస్టిన్‌ను మేతలో కలిపి పోసిన ఫలితం. తేలు పెప్టైడును కూడా అలా పారబోస్తే దానికీ అదే గతి.

ఇక చేతికి అందిన ఆధారాలు. చైనాలో వుహాన్ విశ్వవిద్యాలయం వాళ్లు 2008లో మ్యూక్రోపోరిన్ అనే 17 అమైనో ఆమ్లాల పెప్టైడును ప్రకటించారు. కొన్ని అమైనో ఆమ్లాలు మార్చి ధనావేశం పెంచితే అది మెథిసిలిన్ అనే యాంటీబయోటిక్‌కు లొంగని స్టాఫ్ బ్యాక్టీరియాను, అంటే మేం ఎంఆర్‌ఎస్‌ఏ అని పిలిచేదాన్ని, మరింత గట్టిగా చంపింది. 2009లో వాళ్లే ఇమ్‌క్రోపోరిన్‌తో ఎంఆర్‌ఎస్‌ఏ సోకిన ఎలుకలను బతికించారు. ఆ పెప్టైడును ఇచ్చింది ఓడల్లో ప్రయాణించి ఉష్ణదేశాలన్నిటా స్థిరపడ్డ తేలు. మన దేశంలోనూ ఉంది. 2012లో వచ్చిన కేఎన్2-7 నన్ను ఎక్కువ ఆకట్టుకుంది. తేలు ఇచ్చిన అసలు పెప్టైడుకు బ్యాక్టీరియాను చంపే శక్తితో పాటు ఎర్రరక్తకణాలను పగలగొట్టే గుణమూ ఉంది. మార్పులు చేశాక మొదటిది పెరిగింది, రెండోది తగ్గింది. ఎలుక చర్మం మీది పుండుకు పూసి చూస్తే స్టాఫ్ తగ్గింది. తేలు ఇచ్చినదాన్ని ఉన్నదున్నట్టు మందుగా వాడాలని ఎవరూ అనడం లేదు. అది ఒక చిత్తుప్రతి. దాన్ని దిద్దే పని కెమిస్టులది.

పెప్టైడ్లు కాకపోయినా చెప్పకుండా ఉండలేనిది ఇంకొకటి ఉంది. 2019లో పొస్సానీ బృందమే, స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ జారే బృందంతో కలిసి, మరో మెక్సికో తేలు విషం గాలి తగిలి రంగు మారడం గమనించి ఆ రంగుల వెంట పడింది. అతి చిన్న బొట్ల నుంచి రెండు బెంజోక్వినోన్లను పట్టుకుంది. ఎర్రది స్టాఫ్‌ను చంపింది, నీలిది క్షయ బ్యాక్టీరియాను చంపింది. ఆ రెండిటినీ ల్యాబులో కృత్రిమంగా తయారు చేసి మరీ నిర్ధారించారు. క్షయకు కొత్త అణువు అంటే మన దేశంలో ఎవరికి నిద్ర పడుతుంది?

2025లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో సీజర్ డి లా ఫుయెంటే బృందం కృత్రిమ మేధను ఈ పనిలో దింపింది. పాములు, తేళ్లు, సాలెపురుగులు, ఇతర విషజీవుల ప్రొటీన్ల సమాచారంలో దాగి ఉన్న 4 కోట్లకు పైగా పెప్టైడు ముక్కలను కంప్యూటర్ జల్లెడ పట్టి 386 అభ్యర్థులను తేల్చింది. వాటిలో 58 తయారు చేసి పరీక్షిస్తే 53 పనిచేశాయి. ఒక్క తేలును కూడా పట్టుకోనక్కర్లేకుండా పోయింది.

ఇన్ని ఉన్నా తేలు పెప్టైడు నుంచి వచ్చిన యాంటీబయోటిక్ ఒక్కటి కూడా ఇప్పటివరకు మందుల షాపు మెట్టెక్కలేదు. కారణాలు నాకంటే మీకే బాగా తెలుసు. పాండినిన్-2 లాంటివి ఎర్రరక్తకణాలను కూడా పగలగొడతాయి. రక్తంలోని ఎంజైములు పెప్టైడును కాసేపట్లో కొరికేస్తాయి. ప్లేటు మీద అద్భుతంగా పనిచేసింది సీరమ్ కలిపితే చప్పబడుతుంది. కప్ప చర్మం నుంచి 1987లో మైకేల్ జాస్లాఫ్ కనుగొన్న మాగైనిన్ కథ ఈ రంగంలో అందరికీ కంఠతా వచ్చు. దాన్నుంచి తయారైన పెక్సిగానన్ లేపనాన్ని మధుమేహుల కాలి పుండ్లకు వాడదామనుకుంటే 1999లో అమెరికా నియంత్రణ సంస్థ అనుమతించలేదు. 2016లో మళ్లీ పరీక్షిస్తే మళ్లీ తప్పింది. సూడోమోనాస్ బ్యాక్టీరియా మీదికి వచ్చిన మురెపావాడిన్ అనే మందు పరీక్షలు మూత్రపిండాలు దెబ్బతింటున్నాయని 2019లో ఆగిపోయాయి. పెక్సిగానన్ విషయంలో నా అభిప్రాయం ఒకటుంది. రెండోసారి తేలికపాటి ఇన్‌ఫెక్షన్లున్న కాళ్లను ఎంచుకున్నారు. శుభ్రంగా కడిగి కట్టుకడితే వాటిలో చాలావరకు ఎలాగూ మానతాయి. మా సర్జికల్ వార్డులో ఉన్న కాళ్లు అలాంటివి కావు. ‘ఆర్’ల రిపోర్టు చేతపట్టుకుని మోకాలి కింద ఎక్కడ కోయాలో మాట్లాడుకునే కాళ్లవి.

అన్నిటికంటే పెద్ద అడ్డంకి డబ్బు. ఏకోజెన్ అనే అమెరికా కంపెనీ ప్లాజోమైసిన్ అనే కొత్త యాంటీబయోటిక్‌కు 2018 జూన్‌లో అనుమతి సంపాదించింది. 2019 ఏప్రిల్‌లో దివాలా తీసింది. కొత్త యాంటీబయోటిక్‌ను దాచి, అవసరమైన రోగికే వాడాలి. దాచుకునే సరుకు అమ్మి ఎవరూ బతకలేరు. అందుకే బ్రిటన్ 2022లో రెండు మందులకు అమ్మకంతో సంబంధం లేకుండా ఏటా ఒక్కోదానికి కోటి పౌండ్ల దాకా చందాలా చెల్లించడం మొదలుపెట్టింది. అలాంటి ఏర్పాటు మనకూ కావాలని ఢిల్లీని అడగాలంటే అడగాల్సింది మీరు. నాలాంటి ఉద్యోగి రాసిన కాగితం ఏ సెక్షన్‌లో ఆగిపోతుందో నాకు తెలుసు.

ఇదంతా మీకే ఎందుకు రాస్తున్నానంటారా? మొదటి సంగతి, విషం నుంచి మందు అనేది మీకు కొత్త కాదు. బ్రెజిల్ పాము జరరాకా విషం చూపిన దారిలో తయారై 1981లో వచ్చిన కాప్టోప్రిల్‌కు తమ్ముళ్లే మీలో ఎందరో తయారుచేసే ఎనలాప్రిల్, రామిప్రిల్. అమెరికా గిలా బల్లి విషంలో దొరికిన పెప్టైడే 2005లో ఎక్సెనటైడ్ ఇంజెక్షనైంది. మధుమేహానికి, బరువు తగ్గడానికి ఇవాళ ప్రపంచమంతా ఎగబడుతున్న ఇంజెక్షన్లకు బాట వేసింది అదే. ఆ మార్కెట్ కోసమే కదా హైదరాబాద్ కంపెనీలు పెప్టైడ్ తయారీకి రియాక్టర్లు, శుద్ధి కాలమ్‌లు, మనుషుల్ని సమకూర్చుకున్నది. ఆ కాలమ్‌ల మీదే తేలు పెప్టైడు కూడా శుద్ధి అవుతుంది.

రెండోది, కావలసిన శాస్త్రం మీ ఊళ్లోనే ఉంది. హబ్సీగూడలో సీసీఎంబీలో రామకృష్ణన్ నాగరాజ్ దశాబ్దాల తరబడి ఇలాంటి పెప్టైడ్లు పొరలతో ఎలా మాట్లాడతాయో అధ్యయనం చేశారు. అదే సంస్థలో మంజులా రెడ్డి బ్యాక్టీరియా తన కణకవచాన్ని ఎలా కట్టుకుంటుందో తేల్చినందుకు 2019లో ఇన్ఫోసిస్ బహుమతి అందుకున్నారు. మీ ఫ్యాక్టరీకి, ఆ ల్యాబులకు మధ్య దూరం కారులో గంట. ఇన్నేళ్లూ ఆ గంట ప్రయాణం ఎందుకు జరగలేదో ఆలోచించండి. అంజిరెడ్డి గారు ఐడీపీఎల్ ఉద్యోగం నుంచి బయటికొచ్చి కంపెనీ పెట్టి, పదేళ్లు తిరక్కముందే కొత్త అణువుల పరిశోధనకు దిగారు. 1997లో ఆయన సంస్థ బాలగ్లిటజోన్‌ను నోవో నార్డిస్క్‌కు లైసెన్సుకిచ్చినప్పుడు ఈ దేశపు కంపెనీకి అది కొత్త అనుభవం. ఆ మందు చివరికి మార్కెట్‌కు రాలేదు. అయినా ఆ సాహసం హైదరాబాద్ సొత్తు. ఈమధ్య యాంటీబయోటిక్కుల్లో ఆ సాహసం వేరే ఊళ్లు చేశాయి. చెన్నైలో ఆర్కిడ్ సంస్థలో పుట్టిన ఎన్‌మెటజోబాక్టమ్‌కు 2024లో అమెరికా అనుమతి దొరికింది. ముంబై వోక్‌హార్ట్ వాళ్ల నాఫిత్రోమైసిన్ ప్రభుత్వ సంస్థ బైరాక్ సాయంతో అదే ఏడాది ముందుకొచ్చింది.

మూడోది చెప్పడం నాకు కష్టంగానే ఉంది. స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్ పరిశోధకులు 2007లో పటాన్‌చెరు దగ్గర సుమారు 90 బల్క్ డ్రగ్ కంపెనీల వ్యర్థజలాలు శుద్ధి చేసే కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిని పరీక్షించారు. శుద్ధి అయ్యాక కూడా లీటరుకు 31 మిల్లీగ్రాముల దాకా సిప్రోఫ్లాక్సాసిన్ ఉంది. ఆ మందు వేసుకున్న మనిషి రక్తంలో ఉండేదానికంటే అది ఎక్కువ. ఆ నీళ్లు చేరిన వాగుల్లోని బ్యాక్టీరియా ఏం నేర్చుకుని ఉంటుందో నాకు చెప్పనక్కర్లేదు. దాని బంధువుల్ని నేను ప్లేట్ల మీద చూస్తున్నాను. ఆ తర్వాత మీలో చాలామంది చుక్క నీరు బయటికి వదలని ప్లాంట్లు కట్టారు. సంతోషం. కానీ వ్యర్థజలాల్లో యాంటీబయోటిక్కులకు పరిమితులు పెడుతూ 2020 జనవరిలో వచ్చిన ముసాయిదా, 2021లో తుది నోటిఫికేషనయ్యేసరికి ఆ పరిమితులు లేకుండా పోయాయి. చట్టం అడగకపోయినా మీ లెక్కలు మీరు బయటపెట్టండి. కొత్త మందు ఒక చేత్తో తయారు చేస్తూ రెండో చేత్తో దాని ఆయుష్షు తగ్గిస్తే ఏం ఫలం?

నేను కోరేది పెద్ద పరిశోధనా కేంద్రం కాదు, దానికి శంకుస్థాపన అంతకంటే కాదు. ఇప్పటికే పత్రికల్లో అచ్చయి, అమైనో ఆమ్లాల వరుస సహా అందరికీ తెలిసిన తేలు పెప్టైడ్లు, వాటికి దిద్దిన రూపాలు ఉన్నాయి. విశ్వవిద్యాలయాల్లో పిల్లలు వాటిని మిల్లీగ్రాముల లెక్కన కొనుక్కుని, నాలుగు ప్లేట్ల మీద చూసి, డబ్బైపోయి థీసిస్ ముగిస్తున్నారు. గ్రాముల్లో కావాలి. ఒకే శుద్ధతతో, ఒకే బ్యాచ్ నుంచి వచ్చిన సరుకును మా రోగుల నుంచి వచ్చిన మొండి బ్యాక్టీరియా మీద, మనిషి సీరమ్‌లో, మనిషి ఎర్రరక్తకణాలతో పక్కపక్కనే పెట్టి పరీక్షించాలి. నిలబడినవి జంతువుల దాకా వెళ్లాలి. విఫలమైనవాటి వివరాలు కూడా అందరికీ తెలియాలి. ఈ రంగంలో ఒకే గోతిలో పదిమంది పడ్డారు. ముందు పడ్డవాళ్లు చెప్పకపోవడం వల్లే.

మొదట రక్తంలోకి ఎక్కించే మందు జోలికి పోవద్దని నా మనవి. కాలి పుండ్లు, కాలిన గాయాలు, మూత్రపు గొట్టాల పైపూత. అక్కడ పెప్టైడుకు రక్తంలోని ఎంజైముల గొడవ తక్కువ, రోగికి ప్రమాదం తక్కువ, ఖర్చూ తక్కువ. అక్కడ గెలిస్తే లోపలికి వెళ్లే ధైర్యం వస్తుంది.

మందు వచ్చిన రోజు కోసం ఇప్పుడే ఒక మాట ఇవ్వండి. దాన్ని కోళ్ల ఫారాలకు అమ్మబోమని, మరో రెండు మందులతో కలిపి ఒకే బిళ్లగా చేసి వీధి చివరి షాపులో పెట్టబోమని. పశువుల మేతలో, కోళ్ల దాణాలో కొలిస్టిన్‌ను మన ప్రభుత్వం నిషేధించింది 2019లో. ఆ సరికే ఆలస్యమైంది.

తేళ్ల గురించి కూడా ఒక మాట. ఈ పనికి కొండలెక్కి తేళ్లు ఏరాల్సిన పని లేదు. అమైనో ఆమ్లాలను ఒకదానికొకటి జోడించే మెరిఫీల్డ్ పద్ధతి వచ్చాక పెప్టైడును గాజుపాత్రలోనే కట్టుకోవచ్చు. మన నేలమీది ఏ తేలు విషాన్నైనా కొత్తగా చదవాల్సి వస్తే జీవవైవిధ్య చట్టం ప్రకారం అనుమతి తీసుకుని, లాభం వస్తే ఆ ఊరివాళ్లకూ వాటా ఇచ్చి చేయండి. ఈ ఉత్తరం చదివే మామూలు పాఠకులకు కూడా ఒక విన్నపం: తేలు విషం పేరుతో ఎవరైనా చుక్కల మందు అమ్మితే కొనవద్దు. ఇంకా మందు కాని దశలో ఉన్న శాస్త్రం గురించి నేను మాట్లాడుతున్నాను.

మా డీప్ ఫ్రీజర్‌లో ఏ మందుకూ లొంగని బ్యాక్టీరియా నిల్వ ఉంది. ఎథిక్స్ కమిటీకి దరఖాస్తు నేను రాస్తాను. పరీక్షల పద్ధతి సీసీఎంబీ వాళ్లతో కూర్చుని ఖరారు చేసుకుందాం. మీలో ఏ ఒక్కరైనా ముందుకొస్తే, కేఎన్2-7తో మొదలుపెట్టి ఐదు పెప్టైడ్లు, ఒక్కోటి ఐదు గ్రాముల చొప్పున, ఏ నెలకల్లా ఇవ్వగలరో ఈ పత్రిక ద్వారానే తెలియజేయండి.

ఇట్లు,
రాయలసీమ నుంచి ఒక ప్రభుత్వాసుపత్రి మైక్రోబయాలజిస్టు